రెండు చిన్న దీవి దేశాల తయారీ రంగాలను పోల్చే పద్ధతి: మారిషస్, ఫిజీ లెక్కలతో

రాయగడలో అర్థశాస్త్రం చదివే డిగ్రీ పిల్లలను ప్రాజెక్టు కోసం రెండు చిన్న దేశాలను ఎంచుకోమంటే, పదిమందిలో ఆరేడుగురు మారిషస్, ఫిజీల పేర్లే రాసుకొస్తారు. ఇందులో వింత లేదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. ఆ జిల్లా నుంచీ, పక్కనున్న గంజాం నుంచీ చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కినవారి సంతతి ఆ రెండు దేశాల్లోనూ నేటికీ ఉంది. మారిషస్‌కు 1834 నుంచీ, ఫిజీకి 1879 నుంచీ ఒప్పంద కూలీల ఓడలు వెళ్లాయి. మద్రాసు రేవు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. రెండూ చక్కెరతో మొదలై, తర్వాత బట్టలు కుట్టి, ఇప్పుడు చేపలు, ఇతర ఆహార పదార్థాల శుద్ధి మీద కూడా ఆధారపడుతున్న దేశాలు కనుక పోల్చడానికి అనువైన జంటే.

అయితే ఆ ప్రాజెక్టుల్లో చాలావరకు ఒకే తీరులో సాగుతాయి. ఇంటర్నెట్‌లో దొరికిన రెండు డాలర్ అంకెలను పక్కపక్కన రాసి, పెద్ద అంకె ఉన్న దేశం ముందుందని తేల్చి, రంగురంగుల పటం ఒకటి అతికించి ఇచ్చేస్తారు. ఆ రెండు అంకెలూ ఒకే దాన్ని కొలుస్తున్నాయా, ఒకే ధరల్లో ఉన్నాయా, ఒకే రకమైన సంవత్సరానివేనా అన్న విచారణ ఉండదు. ఆ విచారణ ఎలా చేయాలో, నేను తరగతిలో చెప్పే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కొలతల సంగతి. మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, జనాభా పన్నెండున్నర లక్షల దరిదాపుల్లో. ఫిజీ విస్తీర్ణం పద్దెనిమిది వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది కానీ 2017 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 8.85 లక్షలే. 2011 లెక్కల్లో మన రాయగడ జిల్లా జనాభా సుమారు 9.7 లక్షలు, అంటే జనాభాలో ఒక స్వతంత్ర దేశం మన జిల్లా కన్నా చిన్నదన్నమాట. ఇంత చిన్న ఆర్థిక వ్యవస్థలో ఒక్క ఫ్యాక్టరీయే ఒక శాఖ మొత్తం కావచ్చు. జేకేపూర్ కాగితం మిల్లునో, తెరుబలి ఫెర్రో అల్లాయ్ కర్మాగారాన్నో జిల్లా లెక్కల్లోంచి తీసేస్తే తయారీ రంగం గీత ఏమవుతుందో ఊహించుకుంటే, ఆ దేశాల గణాంకాలు ఒక్కో ఏడు ఎందుకంత ఎగిరిపడతాయో అర్థమవుతుంది.

ఏ ప్రశ్న అడుగుతున్నాం

"ఎవరి తయారీ ఎక్కువ?" అన్న మాటలో కనీసం నాలుగు ప్రశ్నలు దాగి ఉన్నాయి. మొత్తం పరిమాణం ఎవరిది పెద్దది అనేది ఒకటి. దేశ ఆదాయంలో తయారీ వాటా ఎవరికి ఎక్కువ అనేది మరొకటి. ఎవరిది వేగంగా పెరుగుతోంది అనేది మూడోది. ఒక్కో కార్మికుడు ఎంత విలువ పుట్టిస్తున్నాడు అనేది నాలుగోది. నాలుగింటికీ జవాబులు వేరువేరుగా రావచ్చు. తలసరి లెక్క వేసేవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి: మారిషస్ బట్టల ఫ్యాక్టరీల్లో బంగ్లాదేశ్, భారత్, మడగాస్కర్‌ల నుంచి వచ్చిన కార్మికులు చాలామంది పనిచేస్తారు కాబట్టి, ఉత్పత్తిని దేశ జనాభాతో భాగించడం కన్నా ఆ రంగంలో పనిచేసేవారి సంఖ్యతో భాగించడమే న్యాయం. ఏ ప్రశ్న తీసుకున్నారో కాగితం మీద మొదటి వాక్యంగా రాసుకుని, పని పూర్తయ్యేదాకా దాన్నే పట్టుకుని ఉండాలి.

రైసుమిల్లు పాఠం

పోలికలు తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఉత్పత్తి విలువకూ, జోడించిన విలువకూ (ఉత్పత్తి విలువలోంచి బయట కొన్నవాటి ఖర్చు తీసేస్తే మిగిలేదానికీ) తేడా చూడకపోవడం. పాఠ్యపుస్తకం నిర్వచనం పిల్లలకు నోటికి వస్తుంది కానీ చేతికి రాదు. అందుకని నేను గుణుపురం వైపు రైసుమిల్లుల లెక్క చెబుతాను. కింది అంకెల్లో ధాన్యం ధర 2024-25 మద్దతు ధర, బియ్యం దిగుబడి క్వింటాలుకు 67 కిలోలు అన్నది పచ్చి బియ్యానికి ప్రభుత్వం పెట్టిన లెక్క. మిగతావి సులువు కోసం నేను అనుకున్నవి.

మొదటి మిల్లు యజమాని సొంత డబ్బుతో నూరు క్వింటాళ్ల ధాన్యాన్ని క్వింటాలు 2,300 రూపాయల చొప్పున కొన్నాడు, ఖర్చు 2,30,000. మర పట్టగా 67 క్వింటాళ్ల బియ్యం వచ్చింది. దాన్ని క్వింటాలు 3,600కు అమ్మితే 2,41,200. తవుడు, నూకలు, ఊక అమ్మగా మరో 18,000. కరెంటు, గోనె సంచులు, లారీ బాడుగ కలిపి 9,200 ఖర్చు. ఇతని ఉత్పత్తి విలువ 2,59,200. బయటినుంచి కొన్నవాటి మొత్తం 2,39,200. జోడించిన విలువ 20,000.

రెండో మిల్లు యజమాని ధాన్యం కొనలేదు. ప్రభుత్వ సేకరణ ధాన్యాన్ని మర పట్టి బియ్యం అప్పగించాడు. మర కూలి, తన దగ్గరే మిగిలే తవుడూ నూకల అమ్మకం కలిపి అతనికి వచ్చింది 29,200. కరెంటు, సంచులు, లారీ ఖర్చు అదే 9,200. జోడించిన విలువ అదే 20,000.

రెండు మిల్లుల్లోనూ అవే మరలు, అంతే ధాన్యం, అంతే పని. కానీ ఉత్పత్తి విలువ చూస్తే మొదటి మిల్లు రెండోదానికి దాదాపు తొమ్మిది రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తేడా అంతా ధాన్యం ఎవరి సొత్తు అన్న దాంట్లోంచి వచ్చింది, తయారీలోంచి కాదు.

ఇదే కథ దీవుల్లోనూ జరుగుతుంది. విదేశీ కంపెనీ గుడ్డ పంపిస్తే కత్తిరించి, కుట్టి, బొత్తాలు పెట్టి తిరిగి పంపే ఫ్యాక్టరీ మన రెండో మిల్లు లాంటిది. నూలు వడకడం దగ్గర్నుంచి చొక్కా మడతపెట్టేదాకా తానే చేసుకునే ఫ్యాక్టరీ మొదటిదాని లాంటిది. ఫిజీ బట్టల పరిశ్రమలో మొదటినుంచీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కంపెనీల గుడ్డ మీద చేసే కుట్టుపని వాటా ఎక్కువ. మారిషస్‌లో కాలక్రమంలో వడకడం, అల్లడం కూడా దేశంలోనే పెరిగాయి. ఐక్యరాజ్యసమితి 2008 జాతీయ లెక్కల పద్ధతి ప్రకారం, సరుకు సొత్తు మారకుండా విదేశంలో పని చేయించుకున్నప్పుడు ఆ సరుకు మొత్తం విలువను కాక పని కూలినే ఉత్పత్తిగా రాయాలి. 1993 నాటి పాత పద్ధతిలో సరుకు విలువ మొత్తాన్ని ఎక్కించేవారు. కనుక రెండు దేశాలను పోల్చేటప్పుడు స్థూల ఉత్పత్తి విలువ జోలికి పోకుండా జోడించిన విలువనే తీసుకోవాలి. ఒక చిన్న చిక్కు మాత్రం మిగులుతుంది. మిల్లు సొంత హమాలీల కూలి జోడించిన విలువలోనే ఉంటుంది కానీ, అదే హమాలీ పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే అది బయట కొన్న సేవ అయిపోయి, తయారీ రంగం ఆ మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది. పని తగ్గలేదు, పద్దు మారింది.

ఏది తయారీ, ఏది కాదు

అంతర్జాతీయ పారిశ్రామిక వర్గీకరణ నాలుగో సవరణలో తయారీ రంగమంటే 10వ విభాగం నుంచి 33వ విభాగం వరకు. ఈ గీతను దగ్గర పెట్టుకుంటే సగం అనుమానాలు తీరిపోతాయి. చెరకు పండించడం వ్యవసాయం. దాన్ని గానుగాడి చక్కెర చేయడం తయారీ. ఫిజీలో వీతీ లేవు దీవి భూగర్భం నుంచి తీసి సీసాల్లో నింపి అమెరికాకు పంపే నీళ్లు తయారీలోకే వస్తాయి, ఎందుకంటే సీసా నీళ్లు పానీయాల విభాగంలో ఉన్నాయి. నీళ్లు నింపడం తయారీ ఎలా అవుతుందని పిల్లలు నవ్వుతారు కానీ వర్గీకరణ నవ్వు చూసి మారదు. వతుకౌలా బంగారు గని మాత్రం గనుల రంగం. మారిషస్ చక్కెర మిల్లులు చెరకు పిప్పిని కాల్చి దేశపు గ్రిడ్‌కు కరెంటు అమ్ముతాయి. ఆ కరెంటు విద్యుత్ రంగంలోకి పోతుంది. అందుకే ఒక చక్కెర కంపెనీ వార్షిక నివేదికలోని ఆదాయాన్ని తీసుకొచ్చి తయారీ రంగపు అంకెతో పోల్చకూడదు.

"పరిశ్రమ" అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త పడాలి. ప్రపంచ బ్యాంకు పట్టికల్లో పరిశ్రమ అనే వరుసలో గనులు, నిర్మాణం, విద్యుత్తు, నీటి సరఫరా అన్నీ కలిసి ఉంటాయి. తయారీ అనేది దానిలో ఒక భాగంగా వేరే వరుసలో ఉంటుంది. తెలుగులో రెండింటినీ "పారిశ్రామిక ఉత్పత్తి" అనేయడం మనకు అలవాటు కాబట్టి, ఒక దేశానికి పరిశ్రమ వరుసనూ మరో దేశానికి తయారీ వరుసనూ తీసుకున్న ప్రాజెక్టులు నేను చాలానే దిద్దాను.

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. మారిషస్ గణాంక సంస్థ పట్టికల్లో తయారీ కింద చక్కెర, చక్కెర కాని ఆహారం, బట్టలు, ఇతరాలు అని శాఖలు ఉంటాయి. ఆ కిందే విడిగా, ఎగుమతుల కోసం పనిచేసే సంస్థలు అని మరో వరుస కనిపిస్తుంది. 1970 చట్టంతో వచ్చిన ఎగుమతి మండలం సంస్థలకు 2006 తర్వాత వచ్చిన పేరు అది. నేనొకసారి బోర్డు మీద తయారీ మొత్తానికి ఆ వరుసను కూడా కలిపేసి, మారిషస్ వాటా ఎంత గొప్పదో వివరిస్తూ పోయాను. వెనక బెంచీలోంచి గుణుపురం కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, ఆ బట్టల ఫ్యాక్టరీలు పైన బట్టల్లో ఒకసారి వచ్చేశాయి కదండీ" అన్నాడు. వాళ్ల నాన్న మిల్లులో గుమస్తా. ఒకే బస్తాను రెండుసార్లు ఎక్కిస్తే ఏమవుతుందో వాడికి ఇంట్లోనే తెలుసు. బోర్డు తుడిచి మళ్లీ వేశాను. అలాంటి అడ్డకోత వరుసలను చదివి తెలుసుకోవచ్చు కానీ మొత్తంలో కలపకూడదు.

ఎగుమతుల అంకెలను ఉత్పత్తికి బదులుగా వాడటం ఇంకో పొరపాటు. రెండు దేశాలూ దిగుమతి చేసుకున్న సరుకును తిరిగి ఎగుమతి చేస్తాయి. ఆగిన విమానాలకూ ఓడలకూ పోసే ఇంధనం అందులో పెద్ద పద్దు. ఎగుమతులు చూడవలసి వస్తే దేశీయ ఎగుమతులు అనే వరుసనే చూడాలి, తిరుగు ఎగుమతులను వదిలేయాలి.

ధరలు, కరెన్సీలు, ఆధార సంవత్సరాలు

పరిమాణాన్ని ఒక్క ఏడాదికి పోల్చేటప్పుడు డాలర్లలోకి మార్చడం తప్పదు. పెరుగుదలను పోల్చేటప్పుడు మాత్రం డాలర్ల వైపు చూడనే కూడదు. కారణం చెబుతాను. 2009 ఏప్రిల్ 15న ఫిజీ తన డాలరు విలువను 20 శాతం తగ్గించింది. ఆ ముందురోజూ ఆ మర్నాడూ ఫిజీ రాజధాని సువాలోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ అవే బిస్కెట్లను అంతే సంఖ్యలో చేసి ఉంటుంది. కానీ అమెరికా డాలర్లలో లెక్కవేసిన మనిషికి ఆ ఫ్యాక్టరీ ఒక్క రాత్రిలో ఐదో వంతు చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. ఫిజీలో 1987లోనూ, 1998లోనూ ఇలాంటి తగ్గింపులు జరిగాయి. మారిషస్‌లో ఇలా ఒక్క దెబ్బతో కాకుండా నెమ్మదిగా జరిగింది: 2012 ప్రాంతంలో అమెరికా డాలరుకు 30 రూపాయలున్న మారకం ఇటీవల 45 ప్రాంతానికి చేరింది. డాలర్ గీతను చూసి పరిశ్రమ పడిపోయిందని రాస్తే, మనం రాసింది మారకపు రేటు చరిత్ర అవుతుంది.

కాబట్టి వేగం తెలుసుకోవాలంటే ఒక్కో దేశపు సొంత కరెన్సీలో, స్థిర ధరల్లో (అంటే అన్నేళ్లకూ ఒకే ఏడాది ధరలతో లెక్కగట్టి) ఉన్న జోడించిన విలువను తీసుకుని, ఒక సంవత్సరాన్ని 100గా పెట్టి సూచీగా మార్చాలి. సూచీలకు కరెన్సీ ఉండదు. మారిషస్ గీతనూ ఫిజీ గీతనూ అప్పుడు ఒకే పటం మీద గీయవచ్చు. వాటా తెలుసుకోవాలంటే మాత్రం ప్రస్తుత ధరల్లోని అంకెలే కావాలి, ఎందుకంటే పాత ధరల్లో వాటా లెక్కవేస్తే ధర పడిపోయిన సరుకుకు లేని గౌరవం దక్కుతుంది. వాటాకు హారం ఏదో కూడా చూడాలి. మారిషస్ సంస్థ ఇచ్చే శాతం మౌలిక ధరల్లోని మొత్తం జోడించిన విలువలో వాటా. ప్రపంచ బ్యాంకు ఇచ్చేది వస్తువుల పన్నులు కూడా కలిసిన స్థూల దేశీయోత్పత్తిలో వాటా. హారం పెద్దదైతే శాతం తగ్గుతుంది. రెండు దేశాలకూ ఒకే చోటి శాతాన్ని తీసుకుంటే ఈ బాధ ఉండదు.

ఆధార సంవత్సరాలు, అంటే స్థిర ధరలకు పట్టుకున్న సంవత్సరాలు, మారడం చాలామందిని తికమక పెడుతుంది. గణాంక సంస్థలు కొన్నేళ్లకోసారి కొత్త సర్వే చేసి, కొత్త ఆధార సంవత్సరంతో వరుసను మొదటినుంచి వేస్తాయి; కొత్త వరుసలో అంకెలు తరచుగా పెద్దవిగా వస్తాయి, ఎందుకంటే అంతకుముందు కంటపడని చిన్న సంస్థలు లెక్కలోకి చేరతాయి. పాత వరుసనూ కొత్త వరుసనూ అలాగే అతికిస్తే, అతికిన చోట లేని పెరుగుదల ఒకటి పుట్టుకొస్తుంది. రెండు వరుసల్లోనూ ఉన్న సంవత్సరాన్ని పట్టుకుని కలపాలి. ఊహించిన అంకెలతో చూపిస్తాను. పాత వరుసలో 2012కు 520, 2013కు 560, 2014కు 600 ఉన్నాయనుకుందాం. కొత్త వరుసలో 2014కు 750, 2015కు 780. ఉమ్మడి సంవత్సరం 2014. 750ని 600తో భాగిస్తే 1.25. పాత అంకెలన్నిటినీ 1.25తో గుణిస్తే 650, 700, 750 వస్తాయి. ఆ తర్వాత 780. పాత సంవత్సరాల వృద్ధి రేట్లు చెక్కుచెదరలేదు, అతుకు దగ్గర దూకుడూ లేదు. అతికించకుండా 600 పక్కన 780 రాసి ఉంటే 2015లో 30 శాతం వృద్ధి అని అచ్చువేసేవాళ్లం. నిజానికి అది 4 శాతం.

సంవత్సరం అంటే ఏ సంవత్సరం అన్నది కూడా అడగాలి. మన దేశపు లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు. మారిషస్ బడ్జెట్ సంవత్సరం జులై నుంచి జూన్ వరకు, ఫిజీది ఆగస్టు నుంచి జులై వరకు. అయితే రెండు దేశాల జాతీయ ఆదాయ లెక్కలూ జనవరి నుంచి డిసెంబరుకే వస్తాయి. బడ్జెట్ ప్రసంగంలోని అంకెనూ జాతీయ లెక్కల పట్టికలోని అంకెనూ కలపకుండా ఉంటే చాలు.

ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి

మొదటి సంవత్సరాన్ని ఎంచుకోవడంలోనే జవాబు సగం తేలిపోతుంది. 2020లో కరోనా వల్ల ఫిజీ ఆదాయం 17 శాతం పైచిలుకు, మారిషస్ ఆదాయం 15 శాతం దరిదాపుల్లో పడిపోయింది. పర్యాటకులు లేక హోటళ్లు మూతపడితే, వాటికి సరుకు పంపే బేకరీలు, బీరు ఫ్యాక్టరీలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. 2020ని 100గా పెడితే ఎవరు చూసినా పరుగెడుతున్నట్టే ఉంటుంది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీని ఛిద్రం చేసింది, కనుక ఫిజీకి 2016 కూడా మంచి మొదలు కాదు. ఒక్క సంవత్సరానికి బదులు మూడు సంవత్సరాల సగటును 100గా పెట్టుకోవడం మేలు. చివరి కొస దగ్గర కూడా అంతే. తాజా సంవత్సరం అంకె తాత్కాలికమే, తర్వాత సవరిస్తారు.

శాఖల్లోకి దిగితేనే కారణాలు

మొత్తం అంకె ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. ఒక శాఖ మొత్తాన్ని ఎంత కదిలించిందో తెలుసుకోవడానికి నేను చెప్పే లెక్క ఇంతే: నిరుటి వాటాను ఈ ఏటి మార్పుతో గుణించాలి. తయారీలో 8 శాతం వాటా ఉన్న చక్కెర 25 శాతం పడిపోతే, మొత్తం తయారీ దాని ఒక్కదానివల్లే 2 శాతం తగ్గుతుంది. పెద్ద దేశంలో ఇలాంటిది ఒక మిల్లు వల్ల జరగదు. ఫిజీలో నాలుగు చక్కెర మిల్లులుండేవి: లౌతోకా, బా, లంబాసా, రాకీరాకీ. విన్‌స్టన్ తుపానులో దెబ్బతిన్న రాకీరాకీ మిల్లును ఆ తర్వాత మూసేశారు. నాలుగింట ఒకటి పోయింది.

చక్కెర దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగడం అవసరం, ఎందుకంటే ఈ రెండు దేశాల దారులు చీలింది అక్కడే. 1975 లోమే ఒప్పందంతో వచ్చిన చక్కెర ఒడంబడిక కింద యూరప్ దేశాలు ప్రపంచ మార్కెట్టు కన్నా చాలా ఎక్కువ ధరకు కొనేవి. మారిషస్ కోటా ఏటా సుమారు 4.9 లక్షల టన్నులు, ఫిజీది సుమారు 1.65 లక్షల టన్నులు. 2006 నుంచి యూరప్ ఆ ధరను దశలవారీగా 36 శాతం తగ్గించింది, 2009లో ఒడంబడికే ముగిసింది. మారిషస్ ఉత్పత్తి 1973లో ఏడు లక్షల టన్నులు దాటింది, ఇటీవలి ఏళ్లలో రెండున్నర లక్షలకు దిగువనే ఉంటోంది. ఫిజీ 1994లో ఐదు లక్షల టన్నులు దాటి, ఇటీవల లక్షన్నర టన్నులకు అటూ ఇటూగా ఉంది. టన్నులు మాత్రమే చూస్తే ఇద్దరూ ఒకే విధంగా చితికిపోయారనిపిస్తుంది. కానీ మారిషస్ మిల్లులను కలిపేసి సంఖ్య తగ్గించుకుంది, ముడి చక్కెర అమ్మడం మాని శుద్ధి చేసిన తెల్ల చక్కెర, ప్రత్యేక రకాల చక్కెర అమ్మడం మొదలుపెట్టింది. అంటే టన్నుకు జోడించే విలువ పెరిగింది. ఫిజీలో సమస్య మిల్లు గేటు బయట ఉంది. రైతులు తీసుకున్న ముప్పై ఏళ్ల భూమి కౌళ్ల గడువు 1997 నుంచి తీరిపోతూ వచ్చింది. చాలా కౌళ్లు కొనసాగలేదు, చెరకు రైతులు పొలాలు విడిచారు, మిల్లుకు చెరకు తగ్గింది. తయారీ రంగపు పట్టికలో పడిపోయినట్టు కనిపించే అంకెకు కారణం వ్యవసాయపు కౌలు పత్రంలో ఉండవచ్చని, శాఖల్లోకి దిగకపోతే తెలియదు. టన్నులను టన్నులతో పోల్చేవారు ఈ రెండు కథలనూ ఒకటిగా చదివేస్తారు.

బట్టల కథ కాస్త వేగంగా చెప్పవచ్చు. 1981లో దక్షిణ పసిఫిక్ దేశాలకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇచ్చిన సుంకం లేని ప్రవేశం, 1987 తిరుగుబాట్ల తర్వాత పన్నులేని ఫ్యాక్టరీల పథకం ఫిజీలో కుట్టుపనిని పెంచాయి. 2000 తిరుగుబాటు, ఆపై ఆస్ట్రేలియా రాయితీల్లో వచ్చిన మార్పులు దాన్ని కుదించాయి. మారిషస్‌కు 2000 తర్వాత ఆఫ్రికా దేశంగా అమెరికా మార్కెట్టులో సుంకం లేని ప్రవేశం దొరికింది, ఫిజీకి ఆ దారి లేదు. ప్రపంచ జౌళి కోటాలు 2004 చివరితో ముగియడం ఇద్దరినీ తాకింది. చేపల విషయంలో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ట్యూనా డబ్బాలు, ఫిజీలో ఓవలావు దీవిలోని లెవుకాలో ట్యూనా శుద్ధి ఉన్నాయి. ఇక్కడ కూడా చేప ఎవరి సొత్తు అన్న రైసుమిల్లు ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

అంకెలు తెచ్చుకుని పట్టిక వేయడం

మారిషస్‌కు స్టాటిస్టిక్స్ మారిషస్, ఫిజీకి ఫిజీ బ్యూరో ఆఫ్ స్టాటిస్టిక్స్ విడుదల చేసే జాతీయ ఆదాయ పట్టికలే మూలం. రెండూ ఉచితంగా దించుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ పట్టికలు చిన్న శాఖల దాకా వెళతాయి కానీ అవి ఫ్యాక్టరీ సర్వేల మీద ఆధారపడతాయి, ఆ సర్వేలకు కనీస పరిమాణం గీత ఉంటుంది. మారిషస్‌లో పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థను పెద్ద సంస్థగా లెక్కిస్తారు. మన దేశపు వార్షిక పరిశ్రమల సర్వేలో కూడా ఇలాంటి గీతే ఉంది. గీతకు దిగువనున్న కుట్టుమిషన్ల గదులు, కొబ్బరి నూనె గానుగలు జాతీయ లెక్కల్లో అంచనాగా చేరతాయి, సర్వేలో చేరవు. అందువల్ల ఒక దేశానికి జాతీయ లెక్కలూ మరో దేశానికి సర్వే లెక్కలూ తీసుకోకూడదు.

పట్టిక వేసేటప్పుడు ప్రతి గడికీ మూడు విషయాలు పక్కన రాయించాలి: ఏ ధరల్లో ఉంది, ఏ ఆధార సంవత్సరం, ఏ తేదీన దించుకున్నారు. ముగింపు వాక్యం కూడా ఆ షరతులతోనే ఉండాలి. "మారిషస్ తయారీ రంగం ఫిజీ కన్నా మెరుగు" అన్నది వాక్యం కాదు. "సొంత కరెన్సీల స్థిర ధరల్లో, మొదటి మూడేళ్ల సగటును 100గా తీసుకుంటే, చక్కెరను మినహాయించిన తయారీ ఫలానా దేశంలో ఇంత పెరిగింది, ఫలానా దేశంలో ఇంత, తేడాలో ఇంత భాగం బట్టల శాఖది" అన్నది నేను మార్కులు వేసే వాక్యం. పొడుగ్గా ఉందని పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వాలి.

శాఖల పట్టికల్లో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. దేశం చిన్నది కావడంతో ఒక శాఖలో ఒకటో రెండో కంపెనీలే ఉంటే, వాటి లోపలి లెక్క బయటపడుతుందని గణాంక సంస్థ ఆ అంకెను విడిగా ఇవ్వదు, పక్క శాఖతో కలిపి ఇస్తుంది. అలాంటప్పుడు రెండో దేశంలో కూడా ఆ రెండు శాఖలనూ కలిపి పోల్చాలి. కలపడానికి వీలు లేకపోతే గడిని ఖాళీగానే వదిలి, ఇవ్వలేదని పక్కన రాయాలి. అందులో సున్నా వేయకూడదు. కంప్యూటరు ఖాళీ గడిని వదిలేసి సగటు కడుతుంది, సున్నాను మాత్రం నిజమైన అంకెగానే కలుపుకుంటుంది.